మూర్ఛ మోసం చేసింది, ధనుర్వాతం నిజం చెప్పించింది

నడిరోడ్డు మీద ఎవరైనా ఫిట్స్ వచ్చి పడిపోతే, చుట్టూ చేరినవాళ్లలో ఒకరు తాళంచెవులు తీసి ఆ మనిషి చేతిలో పెడతారు. ఇంకొకరు ఉల్లిపాయ కోసం పరిగెడతారు. రెండు నిమిషాల్లో కాళ్లూ చేతులూ కొట్టుకోవడం ఆగిపోతుంది. ఇనుము పట్టుకోగానే తగ్గిందని అక్కడున్నవాళ్లంతా సాక్ష్యం చెబుతారు. వాళ్లు అబద్ధమాడడం లేదు, కళ్లారా చూసిందే చెబుతున్నారు. కానీ ఫిట్స్ చాలావరకు ఒకటి నుంచి మూడు నిమిషాల్లో దానంతట అదే ఆగిపోతుంది. తాళాలు పెట్టినా ఆగుతుంది, పెట్టకపోయినా ఆగుతుంది. ఎప్పుడొస్తుందో తెలియదు గానీ, వచ్చాక పోవడానికి ఎంతోసేపు పట్టదు. ఈ ఒక్క స్వభావం వల్లే మూర్ఛకు వేల ఏళ్లుగా లెక్కలేనన్ని మందులు పనిచేసినట్టు కనిపించాయి.

ఒళ్లు బిగుసుకుపోయి కొట్టుకునే ఇంకో జబ్బు ధనుర్వాతం. ఇది ఎవరినీ అలా నమ్మించలేదు. దవడ బిగుసుకున్నాక చేతిలో తాళం పెట్టినా, మెడలో వేరు కట్టినా అది ఆగలేదు. అందుకే పాత వైద్యులు ఈ రెండు జబ్బుల గురించి రాసినవి పక్కపక్కన పెట్టుకుని చదివితే ఒక సంగతి తెలుస్తుంది. రెండింటినీ వాళ్లు గుర్తుపట్టిన తీరు అద్భుతం. వైద్యం దగ్గరికి వచ్చేసరికి మాత్రం మూర్ఛ విషయంలో పెద్ద పెద్ద మేధావులే పొరపాటు పడ్డారు. ధనుర్వాతం విషయంలో తమ వల్ల కాదని ఒప్పుకున్నారు. ఈ తేడాకి వైద్యుడి తెలివి ఎంత కారణమో, జబ్బు నడక అంతకంటే పెద్ద కారణం.

పేరులోనే ఉన్న చూపు

ఒక జబ్బుకి పెట్టిన పేరు చూస్తే, ఆ పేరు పెట్టినవాళ్లు మొదట దేన్ని గమనించారో తెలుస్తుంది. బాబిలోనియా (నేటి ఇరాక్) వైద్యులు మూర్ఛను 'మిక్తు' అన్నారు, అంటే పడిపోవడం. గ్రీకువాళ్లు పెట్టిన పేరుకి పట్టుకోవడం అని అర్థం. ఎపిలెప్సీ అన్న మాట అందులోంచే వచ్చింది. రోమన్లు దీన్ని సభల జబ్బు అన్నారు. ప్రజల సభ జరుగుతుండగా ఎవరికైనా ఫిట్స్ వస్తే అపశకునంగా భావించి సభను ఆపేసేవాళ్లు. అరబిక్‌లో దీని పేరు 'సర్', అంటే నేలకి పడేయడం.

వీళ్లంతా బయటికి కనిపించేదాన్ని పట్టుకుంటే, సంస్కృత వైద్యగ్రంథాలు లోపల జరిగేదాన్ని పట్టుకున్నాయి. స్మృతి అపగమించడం, అంటే తెలివి, జ్ఞాపకం తొలగిపోవడం అపస్మారం. చరకసంహిత నిదానస్థానంలోని నిర్వచనం ప్రకారం స్మృతి, బుద్ధి, మనస్సు అల్లకల్లోలమై, వికారమైన చేష్టలతో అప్పుడప్పుడూ చీకట్లోకి వెళ్లిపోవడమే అపస్మారం. ఇందులో 'ఆవస్థికం' అన్న మాట చాలా విలువైనది. ఎప్పుడూ ఉండేది కాదు, వచ్చి పోయేది అని దాని అర్థం. ఒళ్లు కొట్టుకోవడం కంటే తెలివి తప్పడాన్నీ, మళ్లీ మళ్లీ రావడాన్నీ జబ్బుకి ముఖ్య లక్షణాలుగా చెప్పడం చిన్న విషయం కాదు. నటరాజ విగ్రహాల్లో శివుడి పాదం కింద పడి ఉండే మరుగుజ్జు పేరు కూడా అపస్మారుడే. అక్కడ అతను అజ్ఞానానికి గుర్తు.

తెలుగులో మాత్రం ఒక తికమక మిగిలింది. సంస్కృత వైద్యంలో మూర్ఛ వేరు, అపస్మారం వేరు. చరకుడు మూర్ఛను మదం (మత్తు), సంన్యాసం (లేపినా లేవనంతగా తెలివి తప్పడం) అనే స్థితులతో కలిపి వేరే అధ్యాయంలో చెప్పాడు. అక్కడ మూర్ఛ అంటే సొమ్మసిల్లి పడిపోవడం. వాడుక తెలుగులో మూర్ఛపోవడం అంటే కళ్లు తిరిగి పడిపోవడమే, కానీ మూర్ఛరోగం అంటే ఫిట్స్. ఆ గ్రంథాలు విడదీసిన రెండింటికీ మనం ఒకే మాట వాడుతున్నాం. ఇప్పటికీ న్యూరాలజిస్ట్ దగ్గరికి వెళ్తే మొదట తేల్చుకునేది ఇదే: కళ్లు తిరిగి పడ్డాడా, ఫిట్స్ వచ్చి పడ్డాడా?

మట్టి పలకల మీద కేసు షీట్లు

క్రీ.పూ. పదకొండో శతాబ్దంలో, బాబిలోనియా రాజు అదద్-అప్ల-ఇద్దిన కాలంలో, ఎసగిల్-కిన్-అప్లి అనే పండితుడు అప్పటికే చెల్లాచెదురుగా ఉన్న రోగలక్షణాల పాఠాలను కూర్చాడు. సకిక్కు అనే ఆ సంకలనం 40 మట్టి పలకల మీద ఉంటుంది. అందులో మూర్ఛ గురించి చెప్పే పలక పాత ప్రతి ఒకటి బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. దాని అనువాదం 1990లో వెలువడ్డాక, నేటి న్యూరాలజిస్టులు తమ ఓపీలో చూసే రోగులను ఆ పలకల మీద గుర్తుపట్టారు.

కూర్చుని ఉన్న మనిషికి ఎడమ కన్ను పక్కకి తిరిగి, పెదవి ముడుచుకుని, నోట్లోంచి లాలాజలం కారుతూ, ఎడమవైపు చెయ్యి, కాలు, ఒళ్లు అప్పుడే కోసిన గొర్రెలా కొట్టుకుంటే అది మిక్తు అని అందులో ఉంది. ఈ పోలిక రాసినవాడు రోగిని పక్కన కూర్చుని చూశాడు, గొర్రెను కోయడమూ చూశాడు. ఒకే పక్క మొదలైంది అని నమోదు చేయడం ఇంకా గొప్ప. దాని వెంటనే ఉన్న వాక్యం మరీ ఆశ్చర్యపెడుతుంది. ఫిట్స్ సమయంలో రోగికి తెలివి ఉంటే పట్టినదాన్ని వెళ్లగొట్టవచ్చు, తెలివి లేకపోతే వెళ్లగొట్టడం కుదరదు అంటుంది ఆ పలక. కారణం దయ్యం అనే నమ్మారు. కానీ తెలివి ఉందా పోయిందా అన్నదాన్ని బట్టి రోగులను రెండుగా విడదీశారు. 2017లో అంతర్జాతీయ మూర్ఛవ్యాధి నిపుణుల సంఘం ఇచ్చిన వర్గీకరణలో కూడా, మెదడులో ఒక చోట మొదలయ్యే ఫిట్స్‌ను రోగికి స్పృహ ఉందా లేదా అన్న ప్రశ్నతోనే విడదీస్తారు.

ఇంత శ్రద్ధగా గమనించడం వెనక దయ మాత్రమే లేదని కూడా చెప్పుకోవాలి. బాబిలోనియా రాజు హమ్మురాబి శాసనం 278వ నియమం ప్రకారం, కొన్న బానిసకి నెల తిరక్కుండా 'బెన్ను' అనే జబ్బు బయటపడితే, బానిసను అమ్మినవాడికి తిరిగి ఇచ్చేసి డబ్బు వెనక్కి తీసుకోవచ్చు. ఆ జబ్బు మూర్ఛే అని చాలామంది పండితుల అభిప్రాయం. రోమన్ల కాలంలోనూ బానిసల అంగట్లో గగాటెస్ అనే నల్లరాయిని కాల్చి, ఆ పొగ వాసన చూపించేవాళ్లు. మూర్ఛ ఉంటే పడిపోతాడని వాళ్ల నమ్మకం. కుమ్మరి చక్రం తిరగడం చూస్తే కూడా కొందరికి ఫిట్స్ వస్తుందని క్రీ.శ. రెండో శతాబ్దపు రచయిత అపులేయుస్ కోర్టులో తన తరఫున వాదించుకుంటూ చెప్పాడు. రోగనిర్ణయ పరీక్ష అనదగిన తొలి ప్రయత్నాల్లో ఒకటి రోగి మేలు కోసం కాకుండా కొనుగోలుదారుడి డబ్బు కోసం పుట్టిందన్నది బాధ కలిగించే నిజం.

మేక తల చెప్పిన సంగతి

క్రీ.పూ. 400 ప్రాంతంలో గ్రీకు భాషలో ఒక చిన్న వైద్యగ్రంథం వచ్చింది. హిప్పోక్రటీస్ పేరుమీద ప్రచారంలో ఉన్న గ్రంథాల్లో అదొకటి. దాన్ని నిజంగా ఎవరు రాశారన్నది తేలలేదు. అప్పట్లో మూర్ఛను పవిత్ర వ్యాధి అనేవాళ్లు. రచయిత మొదటి వాక్యాల్లోనే, మిగతా జబ్బుల కంటే ఇదేమీ ఎక్కువ దైవికమైనది కాదని తేల్చేశాడు. తర్వాత మంత్రగాళ్ల మీద విరుచుకుపడ్డాడు. రోగి మేకలా అరిస్తే దేవతల తల్లి పట్టిందంటారు, గుర్రంలా సకిలిస్తే పొసైడన్ అంటారు, నురగ కక్కుతూ కాళ్లతో తంతే ఏరీస్ అంటారు, రాత్రుళ్లు లేచి భయంతో పరిగెడితే హెకటే అంటారు. రోగం తగ్గితే తమ గొప్ప, తగ్గకపోతే దేవుడి తప్పు. ఏ దేవుడు పట్టాడో చెప్పి దానికి తగ్గ శాంతి చేయించే పద్ధతి తెలుగువాళ్లకి కొత్తగా అనిపించదు.

అతని అసలు బలం ఎదుటివాళ్లను తిట్టడంలో లేదు, సాక్ష్యం చూపించడంలో ఉంది. ఈ జబ్బు మెదడుది అన్నాడు. నమ్మకపోతే ఫిట్స్ వచ్చే మేక తల కోసి చూడండి, మెదడు తడిగా, నీరుపట్టి, చెడువాసన వేస్తూ ఉంటుంది అన్నాడు. అది చూశాక ఒంటిని పాడుచేసింది దేవుడు కాదు, జబ్బేనని తెలుస్తుంది అన్నాడు. ఆ మేక మెదడులో అతను చూసింది బహుశా ఒక రకం బద్దెపురుగు పిల్లదశలో కట్టే నీటి తిత్తి. కుక్కల ద్వారా మేకలకీ గొర్రెలకీ సోకి, మెదడులో నీటి సంచిలా పెరిగి, జంతువును గుండ్రంగా తిరిగేలా, ఫిట్స్ వచ్చేలా చేసే జబ్బు ఇప్పటికీ ఉంది. అతని సిద్ధాంతం ప్రకారం మెదడు నుంచి శ్లేష్మం రక్తనాళాల్లోకి దిగి గాలిని అడ్డుకుంటుంది, అందుకే ఒళ్లు కొట్టుకుంటుంది. ఆ సిద్ధాంతం తప్పు. కానీ మెదడులో నీరు చేరిందని అతను కళ్లతో చూసింది ఒప్పు. మన దేశంలో ఇవాళ ఫిట్స్‌తో వచ్చినవాళ్లకి స్కానింగ్ తీస్తే చాలామందిలో కనిపించేది దీనికి చుట్టమైన ఇంకో బద్దెపురుగు తిత్తే. దాని గుడ్లు శుభ్రం చేయని కూరగాయలు, నీళ్లు, చేతుల ద్వారా కడుపులోకి పోతాయి కాబట్టి మాంసం ముట్టనివాళ్లకీ అది వస్తుంది.

అదే గ్రంథంలో ఇంకో గమనిక ఉంది. ఫిట్స్ రాబోతోందని తెలిసినవాళ్లు ఇంటికో, ఎవరూ లేని చోటుకో పారిపోయి తల కప్పుకుంటారు. దేవుడికి భయపడి కాదు, నలుగురిలో పడిపోవడం సిగ్గనిపించి. చిన్నపిల్లలకి మాత్రం ఆ సిగ్గు ఇంకా తెలియదు, భయమేసి అమ్మ దగ్గరికి పరిగెడతారు. వైద్యుడు రోగి ఒంటితో పాటు మనసునీ చూశాడనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

హిప్పోక్రటీస్ సంప్రదాయంలోని మిగతా గ్రంథాల్లోనూ ఇలాంటి పదునైన పరిశీలనలు ఉన్నాయి. తలకి ఎడమవైపు దెబ్బ తగిలితే ఒంట్లో కుడివైపు కొట్టుకుంటుందని తలగాయాల గ్రంథం చెప్పింది. చిన్నపిల్లల్లో తీవ్రమైన జ్వరంతో వచ్చే ఫిట్స్ ఏడేళ్ల లోపువాళ్లలోనే ఎక్కువనీ, పెద్దవాళ్లకి అంత తేలిగ్గా రాదనీ ఇంకో గ్రంథం చెప్పింది. ఇప్పటి పిల్లల డాక్టర్లు ఈ వయసును ఆరు నెలల నుంచి ఐదేళ్లుగా చెబుతారు, అంతే తేడా.

ఒళ్లు విల్లులా వంగితే

ధనుర్వాతం దగ్గరికి వస్తే ఈ పరిశీలన స్వరం మారిపోతుంది. క్రీ.పూ. 1600 ప్రాంతపు ఈజిప్టు పపైరస్ (రెల్లు కాగితపు చుట్ట) ఒకటి 1862లో లక్సర్‌లో ఎడ్విన్ స్మిత్ అనే అమెరికన్ చేతికి వచ్చింది. అందులో 48 కేసులు ఉన్నాయి. దాదాపు ప్రతి కేసులోనూ మూడు తీర్పుల్లో ఒకటి ఉంటుంది: నేను నయం చేసే జబ్బు, నేను పోరాడే జబ్బు, వైద్యం చేయకూడని జబ్బు. ఏడో కేసులో తలకి లోతైన గాయం తగిలిన మనిషి ఉన్నాడు. నోరు మూసుకుపోయి, కనుబొమలు లాక్కుపోయి, ముఖం ఏడుస్తున్నట్టు ఉంటే అది వైద్యం చేయకూడనిది అని రాసి ఉంది. ఇది ధనుర్వాతమే అని చాలామంది అభిప్రాయం. నోరు తెరవడం నొప్పిగా ఉన్న దశలోనైతే పోరాడమనే తీర్పు ఇచ్చారు. ఒకే గాయం, జబ్బు ఎంత ముదిరిందన్నదాన్ని బట్టి రెండు తీర్పులు.

సుశ్రుతుడు ఈ బిగుతును అపతానకం కింద చెప్పాడు. ఒళ్లు కర్రలా నిలువుగా బిగుసుకుంటే దండాపతానకం, విల్లులా వంగితే ధనుస్తంభం. ముందుకి వంగేది, వెనక్కి వంగేది అని మళ్లీ విడదీశాడు. మనం వాడే ధనుర్వాతం అన్న మాటలో ఉన్నది ఆ విల్లే. గ్రీకువాళ్లు కూడా సరిగ్గా ఇలాగే ముందుకి, వెనక్కి, నిలువుగా అని మూడు పేర్లు పెట్టారు. ఒకరి దగ్గర ఇంకొకరు నేర్చుకున్నారా అని వెతకాల్సిన పని లేదు. కండరాలు బిగిస్తే ఒళ్లు వంగగలిగే తీర్లే అన్ని.

సుశ్రుతుడి ఇంకో శ్లోకం ఈ మొత్తం చరిత్రలో అత్యంత విలువైన వాక్యాల్లో ఒకటి. గర్భపాతం వల్ల వచ్చింది, రక్తం బాగా పోవడం వల్ల వచ్చింది, దెబ్బ వల్ల వచ్చింది అయిన అపతానకం నయం కాదు అన్నాడు. క్రిమి సంగతి తెలియని కాలంలో, ఒళ్లు విల్లులా వంగి చనిపోయిన ఒక్కొక్క మనిషినీ వెనక్కి వెళ్లి పరిశీలిస్తే తప్ప ఈ మూడూ ఒకచోట చేరవు. గాయం మీద ఒళ్లు కొట్టుకోవడం మొదలైతే ప్రాణాంతకం అని హిప్పోక్రటీస్ సూత్రం కూడా చెబుతుంది. గ్రీకు కేసుల పుస్తకంలో ఒక ఓడ నాయకుడు ఉన్నాడు. లంగరు కింద పడి వేలు నలిగింది. కొన్నాళ్లకి మాట తడబడింది, దవడలు బిగిశాయి, తర్వాత మెడ, ఆ తర్వాత ఒళ్లంతా వెనక్కి లాగేసింది, చనిపోయాడు. నలిగిన వేలికీ బిగిసిన దవడకీ సంబంధం ఉందని రాసినవాడికి తెలుసు. ఏ సంబంధమో తెలియదు.

ధనుర్వాతం పట్టినవాళ్లు నాలుగు రోజుల్లో చనిపోతారు, ఆ నాలుగూ దాటితే బతుకుతారు అని ఇంకో సూత్రం. నాలుగు అన్న లెక్క అన్ని కేసులకీ సరిపోదు. కానీ వేగంగా ముదిరే కేసే ప్రమాదకరం అన్న విషయం ఇప్పటికీ నిజం. కప్పడోకియాకు (నేటి టర్కీలోని ప్రాంతం) చెందిన గ్రీకు వైద్యుడు అరెటేయస్ ఈ జబ్బు గురించి రాసిన పేజీలు చదువుతుంటే గుండె బరువెక్కుతుంది. ఇది మనిషి భరించే బాధ కాదంటాడు. వైద్యుడు పక్కన ఉన్నా ప్రాణం నిలబెట్టలేడు, నొప్పి తీయలేడు, వంగిన ఒంటిని సరిచేయలేడు, తోటి మనిషిగా బాధపడడం తప్ప ఏమీ చేయలేడు, వైద్యుడికి ఇదే మహా దురదృష్టం అంటాడు. చేసిన వైద్యం కూడా దానికి తగ్గట్టే ఉంది. మెత్తని పక్క, వెచ్చని నూనె, కాపడం. ఆయుర్వేదంలోనూ ఇలాగే స్నేహం, స్వేదం, అంటే నూనె పట్టించడం, చెమట పట్టించడం. కొట్టుకునే ఒంటికి కాస్త ఊరట ఇచ్చే పనులే. నయం చేశామని గొప్ప చెప్పుకునే అవకాశం ఆ జబ్బు పెద్దగా ఇవ్వలేదు.

మెడలో వేరు, ఎనిమిది నెలలు

మళ్లీ మూర్ఛకి వద్దాం. క్రీ.శ. రెండో శతాబ్దంలో గేలెన్ అనే వైద్యుడు పుట్టాడు. తర్వాత వెయ్యేళ్లకు పైగా యూరప్, అరబ్ దేశాల వైద్యం అతని మాట మీద నడిచింది. అతను జంతువుల నరాలు కోసి పరీక్షించినవాడు, ఏదీ ఊరికే నమ్మే మనిషి కాదు. అలాంటివాడు రాసిన ఒక అనుభవం చూడండి. ఒక పిల్లవాడి మెడలో పియోనీ అనే పూలమొక్క వేరు కట్టారు. ఎనిమిది నెలలు ఫిట్స్ రాలేదు. ఒకరోజు వేరు జారి పడిపోయింది, వెంటనే ఫిట్స్ వచ్చింది. ఇంకో వేరు కట్టారు, తగ్గింది. గేలెన్ అక్కడితో సంతృప్తి పడలేదు. పరీక్ష కోసం మళ్లీ తీయించాడు, మళ్లీ ఫిట్స్ వచ్చింది. ఈసారి పెద్దది, తాజాది కట్టాడు, పిల్లవాడు బాగున్నాడు. వేరులోంచి సన్నని రేణువులు గాలిలో కలిసి ఊపిరితో లోపలికి పోవడం వల్ల పనిచేస్తుందని అనుకున్నాడు.

మందు ఇవ్వడం, ఆపడం, మళ్లీ ఇవ్వడం. ఒకే రోగి మీద మందును పరీక్షించే ఈ పద్ధతి నేటి వైద్య పరిశోధనలో కూడా ఉంది. గేలెన్ ఆలోచనలో లోపం అనదగింది పెద్దగా లేదు. లోపమంతా అతను ఎంచుకున్న జబ్బులో ఉంది. నెలల తరబడి దానంతట అదే దాక్కుని, భయం, దిగులు, నిద్ర తక్కువైనప్పుడు బయటికొచ్చే జబ్బు అది. మెడలో వేరు పోయిందని తెలిసిన పిల్లవాడి భయం, ఇంట్లోవాళ్ల టెన్షన్ కూడా కారణం కావచ్చు. ఇంకో వంద మంది పిల్లల్లో సగం మందికి పియోనీ, సగం మందికి ఉత్త వేరు కట్టి లెక్కపెట్టి ఉంటే తేలిపోయేది. అలా లెక్కపెట్టాలన్న ఆలోచన రావడానికి ఇంకా చాలా శతాబ్దాలు పట్టింది. పదిహేడో శతాబ్దంలో కూడా యూరప్‌లో పిల్లల మెడలో పియోనీ వేర్లు కట్టేవాళ్లు.

జబ్బు నడక తెచ్చిపెట్టే ఇంకో మోసం వయసుతో వస్తుంది. యౌవనానికి ముందు మొదలైన మూర్ఛ తగ్గే అవకాశం ఉంది, ఇరవై అయిదేళ్ల తర్వాత మొదలైతే చాలావరకు చనిపోయేదాకా ఉంటుంది అని హిప్పోక్రటీస్ సూత్రం చెప్పింది. చాలా నిజమైన గమనిక. అయితే పిల్లల్లో దానంతట అదే తగ్గిపోయే మూర్ఛకి ఆ సమయంలో ఏ మందు వాడుతుంటే ఆ మందుకే పేరు వచ్చేది. రోమ్‌లో చచ్చిపోయిన గ్లాడియేటర్ గొంతులోంచి వేడి రక్తం తాగి కొందరు బయటపడ్డారని రోమన్ రచయిత సెల్సస్ రాశాడు. దయనీయమైన వైద్యాన్ని అంతకంటే దయనీయమైన జబ్బు ఓర్చుకునేలా చేసిందని అతనే బాధపడ్డాడు.

ఆయుర్వేదంలో మందుల జాబితా ఇంకా శాస్త్రీయంగా కూర్చి ఉంటుంది. తెలివి తప్పినవాడికి ముందు తీక్ష్ణమైన నస్యం (ముక్కులో వేసే మందు), వమనం (వాంతి చేయించడం), విరేచనం. తర్వాత పంచగవ్య ఘృతం, బ్రాహ్మీ ఘృతం లాంటి నేతి మందులు. బ్రాహ్మీ ఘృతంలో వస, చెంగల్వకోష్టు, శంఖపుష్పి, పాత నెయ్యి పడతాయి. పిల్లలకి మాటలు రావాలని మన ఇళ్లలో పోసే వస ఇదే. ఫిట్స్ పదిహేను రోజులకో, పన్నెండు రోజులకో, నెలకో వస్తుందని చరకుడు లెక్క చెప్పాడు. రాబోయే ముందు కనుబొమలు కదలడం, లేని శబ్దాలు వినిపించడం, కళ్లు చీకట్లు కమ్మడం, గుండె పట్టేసినట్టు ఉండడం కూడా రాశాడు. ఇవన్నీ రోగులను కూర్చోబెట్టి అడిగితే తప్ప తెలిసేవి కావు.

వచ్చి పోయే స్వభావం సుశ్రుతుడిని కూడా ఆలోచనలో పడేసింది. హఠాత్తుగా వస్తుంది, దానంతట అదే పోతుంది కాబట్టి దీనికి ఒంట్లోని వాత, పిత్త, కఫ దోషాలు కారణం కావు అని కొందరు వాదించారట. దానికి ఆయన జవాబు మనకి బాగా తెలిసిన పొలం నుంచే వచ్చింది. వానలు ఎంత కురిసినా కొన్ని విత్తనాలు శరదృతువులోనే మొలుస్తాయి, ఈ జబ్బూ అంతే. బయటికి కనిపించకపోయినా లోపల ఉందని, ఫిట్స్ ఆగినంత మాత్రాన జబ్బు పోలేదని ఈ ఉపమానం సారాంశం. రెండు మూడేళ్లు ఫిట్స్ లేకపోయినా డాక్టర్ చెప్పకుండా మాత్రలు ఆపొద్దని ఇప్పుడు చెప్పేది కూడా ఇదే. తన కాలంలో మందులను గుడ్డిగా నమ్మకుండా కాపాడగల ఆలోచన సుశ్రుతుడి చేతిలో ఉంది. దాన్ని ఆయన జబ్బుకి కారణం చెప్పడానికి వాడాడు, మందును పరీక్షించడానికి వాడలేదు.

తప్పు కారణం, సరైన మందు

ఫిట్స్ కాలు దగ్గర మొదలై తొడ, నడుము, పక్కటెముకలు, మెడ మీదుగా తలకి ఎక్కిందని చెప్పిన పదమూడేళ్ల కుర్రాడి గురించి కూడా గేలెన్ రాశాడు. చల్లగాలి పాకినట్టు ఉందని ఇంకో యువకుడు చెప్పాడు. గాలి అనే గ్రీకు మాట 'ఆరా', ఇప్పటికీ డాక్టర్లు వాడుతూనే ఉన్నారు. జబ్బు కాలిలో పుట్టి మెదడుకి పాకుతోందనుకున్నారు, అందుకే కాలికి పట్టీ బిగించి కట్టేవాళ్లు. 1860లు, 70లలో లండన్‌లో జాన్ హ్యూలింగ్స్ జాక్సన్ అనే డాక్టర్ ఇలాంటి రోగులనే చూసి దీన్ని తిరగేశాడు. మొదలయ్యేది కాలిలో కాదు, మెదడులో కాలిని నడిపే చోట. మెదడు బూడిదరంగు పదార్థంలో హఠాత్తుగా, అతిగా జరిగే శక్తి విడుదలే మూర్ఛ అని 1873లో రాశాడు. బాబిలోనియా పలక మీద ఒకే పక్క కొట్టుకున్న మనిషికి, గేలెన్ చూసిన కుర్రాడికి అర్థం అప్పుడు దొరికింది.

మందు మాత్రం దారి తప్పి దొరికింది. 1857లో లండన్‌లో ఒక వైద్యసభలో చార్లెస్ లోకాక్ పొటాషియం బ్రోమైడ్ గురించి చెప్పాడు. ఆయన విక్టోరియా రాణికి పురుళ్లు పోసిన డాక్టర్. ఆడవాళ్లలో నెలసరితో వచ్చే ఫిట్స్‌కి కామోద్రేకం కారణమనుకుని, దాన్ని తగ్గిస్తుందన్న ఉద్దేశంతో ఇచ్చాడు. కారణం పూర్తిగా తప్పు. బ్రోమైడ్ మెదడు ఉద్రేకాన్ని తగ్గిస్తుంది కాబట్టి మందు పనిచేసింది. ఒంటి మీద పొక్కులు, మనసు మందగించడం వంటి ఇబ్బందులు ఉన్నా, నిజంగా పనిచేసిన మొదటి మందు అదే. పియోనీకీ బ్రోమైడ్‌కీ తేడా వచ్చింది ఆసుపత్రుల వల్ల. ఒకే చోట వందలమంది రోగుల ఫిట్స్‌ను లెక్కపెట్టడం కుదిరింది. 1881లో ఇంగ్లండ్ డాక్టర్ విలియం గోవర్స్ మూర్ఛ మీద రాసిన తన పుస్తకానికి 1450 మంది రోగుల వివరాలు ఆధారంగా తీసుకున్నాడు. 1912లో జర్మనీలో ఆల్ఫ్రెడ్ హౌప్ట్‌మన్ నిద్రమాత్రగా ఇచ్చిన ఫినోబార్బిటాల్ ఫిట్స్‌ను తగ్గించడం గమనించాడు. అది ఇవాళ మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో కూడా ఇస్తున్న మాత్ర.

ధనుర్వాతానికి జవాబు ఇంకా త్వరగా, ఇంకా స్పష్టంగా వచ్చింది. 1884లో మట్టిలోంచి తీసిన క్రిమి ఈ జబ్బును తెప్పిస్తుందని జర్మన్ వైద్యుడు నికోలాయర్ చూపించాడు. 1889లో జపాన్ శాస్త్రవేత్త కిటసాటో ఆ క్రిమిని విడిగా పెంచాడు. 1890లో జర్మన్ శాస్త్రవేత్త బెహ్రింగ్‌తో కలిసి దాని విషానికి విరుగుడు తెచ్చాడు. గాయంలోంచి విషం నరాల వెంట వెన్నుపాముకి చేరుతుంది. ఓడ నాయకుడి వేలికీ దవడకీ ఉన్న సంబంధం ఇదే. సుశ్రుతుడు చెప్పిన గర్భపాతం, గాయం రెండూ క్రిమి లోపలికి పోయే దారులే. బొడ్డుతాడును కొడవలితో కోసి పేడ రాసే అలవాటు మన దేశంలో చాలా చోట్ల పసిపిల్లల ప్రాణాలు తీసింది. గర్భిణులకి టీటీ ఇంజెక్షన్లు, ఆసుపత్రి కాన్పులు పెరిగాక, 2015లో ప్రసవ సమయపు, నవజాత శిశువుల ధనుర్వాతాన్ని భారత్ నిర్మూలించినట్టు ధ్రువీకరణ వచ్చింది.

మూర్ఛకి మాత్రం ఇప్పటికీ రోగనిర్ణయం మొదలయ్యేది చూసినవాళ్ల మాటతోనే. మెదడు విద్యుత్ తరంగాలను చూపించే ఈఈజీ తీసే సమయానికి మెదడు ప్రశాంతంగా ఉంటే అందులో ఏమీ కనిపించకపోవచ్చు. అందుకే ఫిట్స్ వచ్చినప్పుడు ఫోన్‌లో వీడియో తీసి తీసుకురమ్మని డాక్టర్లు అడుగుతారు. ఏ వైపు మొదలైంది, కళ్లు ఎటు తిరిగాయి, పిలిస్తే పలికాడా, ఎంతసేపు అన్నవే వాళ్ల ప్రశ్నలు. తాళాలు పెట్టే బదులు మనిషిని పక్కకి తిప్పి పడుకోబెట్టి, చుట్టుపక్కల దెబ్బతగిలేవి తీసేసి, నోట్లో ఏమీ పెట్టకుండా టైమ్ చూసుకోవాలి. ఐదు నిమిషాలు దాటితే అంబులెన్స్ పిలవాలి.

చరకుడి అపస్మార చికిత్సాధ్యాయంలో నేతుల, నస్యాల మధ్య ఒక శ్లోకం ఉంది. నీళ్లు, నిప్పు, చెట్లు, కొండలు, ఎత్తుపల్లాల నుంచి ఈ రోగిని ఎప్పుడూ కాపాడాలి, అవి వెంటనే ప్రాణం తీస్తాయి అని. నెయ్యి పనిచేసిందా లేదా అన్నది ఇంకా వాదించుకోవచ్చు. చెరువుకి ఒంటరిగా వెళ్లొద్దని, పొయ్యి దగ్గర ఒక్కరే ఉండొద్దని, తాటిచెట్టు ఎక్కొద్దని ఫిట్స్ ఉన్నవాళ్లకి ఇప్పుడు చెప్పే జాగ్రత్తల్లో ఒక్కటి కూడా ఆ శ్లోకం బయట లేదు.